పెళ్ళితో వచ్చిన వీసా ఎవరి చేతిలో ఉంటుంది?

(మాదాపూర్‌లో ఐటి ఉద్యోగినులు, స్త్రీల సంఘాల కార్యకర్తలు కలిసి జరుపుకున్న సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



సెక్షన్లూ, ఫారాల నంబర్లూ వినడం ఎవరికైనా విసుగే. కానీ ఈ ప్రాంతంలో స్త్రీల మధ్య పనిచేసేవాళ్ళకు వాటిని తప్పించుకునే వీలు లేదు. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటి నుంచి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఎంతగా మారాయో మీ కళ్ళతో చూశారు. ఇక్కడి ఉద్యోగాలతో పాటు ఇక్కడి పెళ్ళిళ్ళు కూడా అమెరికాతో ముడిపడ్డాయి. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో మొదలైన అమెరికన్ కాన్సులేట్ 2023 మార్చిలో నానక్‌రాంగూడలో కట్టుకున్న కొత్త భవనంలోకి వచ్చేసింది. ఐటి కంపెనీల మధ్యనే ఇప్పుడు వీసా కిటికీ కూడా ఉంది.

పెళ్ళి సంబంధాలు మాట్లాడుకునే చోట మనం తరచూ వినే మాట ఒకటుంది. "అబ్బాయి సిటిజనండీ, పెళ్ళయితే అమ్మాయికీ వచ్చేస్తుంది." ఏం వచ్చేస్తుంది? ఎప్పుడు వస్తుంది? వచ్చినది ఎవరి పేరు మీద, ఎవరి సంతకం మీద నిలబడుతుంది? కట్నం, లాంఛనాలు, బంగారం గురించి గంటల తరబడి మాట్లాడే పెద్దలు ఈ ప్రశ్నలు అడగరు. అడగకపోవడం వల్ల జరిగే నష్టం అమ్మాయి ఒక్కతే భరిస్తుంది. ఈ ప్రశ్నలకు జవాబులు వెతకడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

భర్త దేశమే భార్య దేశమా?

పెళ్ళి చేసుకుంటే భర్త దేశం భార్యకు వచ్చేస్తుందన్న నమ్మకం ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు చట్టం అలాగే ఉండేది. భార్యకు విడిగా అస్తిత్వం లేదు, ఆమె భర్తలో భాగం అన్న పాత యూరోపియన్ న్యాయసూత్రం నుంచి అది వచ్చింది. అమెరికాలో 1907లో చేసిన చట్టం ప్రకారం విదేశీయుణ్ణి పెళ్ళాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వాన్నే కోల్పోయేది. విదేశీయురాలిని పెళ్ళాడిన అమెరికన్ పురుషుడికి మాత్రం ఏమీ అయ్యేది కాదు. 1922లో కేబుల్ చట్టం దీన్ని కొంత మార్చింది. అయినా పౌరసత్వానికి 'అనర్హులు'గా ముద్రపడిన జాతుల పురుషులను పెళ్ళాడిన స్త్రీలకు ఆ మార్పు వర్తించలేదు. 1923లో భగత్‌సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులను కూడా ఆ అనర్హుల జాబితాలో చేర్చింది. అంటే ఆ రోజుల్లో మన దేశపు వాడిని పెళ్ళాడిన అమెరికన్ స్త్రీ దేశం లేని మనిషయ్యే ప్రమాదం ఉండేది. 1931లో గాని ఆ నిబంధన పోలేదు.

మన చట్టం తక్కువ తినలేదు. 1955 పౌరసత్వ చట్టంలో మొదట ఉన్న మాట 'భారత పౌరులను వివాహమాడిన స్త్రీలు'. అంటే భారతీయుడు విదేశీయురాలిని పెళ్ళి చేసుకుంటే ఆమె పేరు నమోదు చేయించుకుని పౌరురాలు కావచ్చు. భారతీయ స్త్రీ విదేశీయుణ్ణి చేసుకుంటే అతనికి ఆ దారి లేదు. ఆడపిల్ల అత్తింటికి పోవాలి గాని అల్లుడు ఈ ఇంటికి రావడమేమిటన్న ఆలోచనను చట్టం తన భాషలో రాసుకుంది. 1986 సవరణలో 'స్త్రీలు' అన్న చోట 'వ్యక్తులు' అన్న మాట వచ్చింది. పిల్లల విషయంలో ఇంకా ఆలస్యమైంది. విదేశంలో పుట్టిన బిడ్డకు తండ్రి భారతీయుడైతేనే వంశానుగతంగా పౌరసత్వం వచ్చేది, తల్లి భారతీయురాలైతే చాలేది కాదు. 1992 సవరణ తర్వాతనే తల్లి పేరు మీద కూడా ఆ హక్కు వచ్చింది. జాతీయత విషయంలో స్త్రీ పురుషులకు సమాన హక్కులుండాలని చెప్పే ఐక్యరాజ్యసమితి సీడా ఒప్పందాన్ని మన దేశం 1993లో ఆమోదించింది.

ఈ చరిత్ర అంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇవాళ ఏ దేశ చట్టంలోనూ 'భార్య' అన్న మాట పాత అర్థంతో కనబడకపోవచ్చు. 'డిపెండెంట్' అని, 'బెనిఫిషియరీ' అని, 'స్పాన్సర్' అని పేర్లు మారాయి. ఆధారపడడం మాత్రం మిగిలే ఉంది.

మూడు రకాల వరులు, మూడు రకాల హోదాలు

అమెరికా సంబంధం అన్న ఒక్క మాట కింద మూడు వేరు వేరు పరిస్థితులున్నాయి. కార్యకర్తలు మొదట గుర్తుపెట్టుకోవలసింది ఇదే. మన దగ్గరికి ఒకామె వచ్చినప్పుడు 'నీ భర్త ఏ వీసా మీద ఉన్నాడు, నువ్వు ఏ వీసా మీద ఉన్నావు' అని అడగకుండా ఏ సలహా చెప్పినా తప్పే అవుతుంది.

మొదటి రకం, హెచ్-1బి మీద ఉద్యోగం చేసే వరుడు. ఈ వీసా 1990 నాటి అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టంతో వచ్చింది. అతని భార్యకు హెచ్-4 వస్తుంది. త్వరగానే వస్తుంది, వెంటనే వెళ్ళిపోవచ్చు. కానీ అది అతని హెచ్-1బి నీడ మాత్రమే. అతని ఉద్యోగం పోతే 2017 నుంచి ఉన్న నిబంధన ప్రకారం గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది, ఆ లోగా దారి దొరక్కపోతే ఇద్దరూ దేశం విడవాలి. విడాకులైతే ఆమె హెచ్-4 అక్కడితో సరి.

రెండో రకం, గ్రీన్ కార్డు వరుడు. శాశ్వత నివాసి కాబట్టి ఇతను హెచ్-1బి వాడికన్నా మెరుగన్నది మధ్యవర్తుల లెక్క. భార్యను తీసుకెళ్ళే విషయంలో ఆ లెక్క తలకిందులవుతుంది. గ్రీన్ కార్డు వచ్చాక పెళ్ళి చేసుకున్నవాడి భార్యకు ఏడాదికింత అని కోటా ఉంటుంది. కోటా నిండితే వరసలో నిలబడాలి. హెచ్-4 కూడా ఇవ్వరు. 1990లలో ఇలా ఇక్కడే అత్తింట్లోనో పుట్టింట్లోనో ఏళ్ళ తరబడి ఎదురుచూసిన భార్యలు ఎందరో. ఆ బాధ చూడలేక 2000 డిసెంబరులో అమెరికా కాంగ్రెసు 'వి' వీసా అని ఒకటి తెచ్చింది గాని, అది ఆ చట్టం వచ్చేనాటికే దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకు పరిమితం. పెళ్ళి ముహూర్తం గ్రీన్ కార్డుకు ముందు పడిందా, తర్వాత పడిందా అన్నదాన్ని బట్టి ఒక స్త్రీ జీవితంలో కొన్నేళ్ళు అటూ ఇటూ అయిపోతాయి. ఏ పంచాంగంలోనూ లేని ఈ విషయాన్ని పెళ్ళికి ముందే ఆడపిల్ల తల్లిదండ్రులకు చెప్పవలసింది మనమే.

మూడో రకం, అమెరికా పౌరుడు. పౌరుడి భార్యకు కోటా లేదు. ఐ-130 అన్న ఫారంతో అతను పిటిషన్ పెట్టాలి. గమనించండి, పిటిషన్ పెట్టేది అతను. గ్రీన్ కార్డు చేతికి వచ్చేలోపు దాన్ని వెనక్కి తీసుకునే అధికారం కూడా అతనిదే. వీసాతో ఆమెకు వచ్చేది పౌరసత్వం కాదు, గ్రీన్ కార్డు. గ్రీన్ కార్డు వచ్చాక, పౌరుడైన భర్తతో కలిసి కాపురం చేస్తూ మూడేళ్ళు నిండితేనే పౌరసత్వానికి అర్హత వస్తుంది. కలిసి లేకపోతే మామూలుగా అందరికీ ఉన్న అయిదేళ్ళ నియమమే. 'వచ్చేస్తుంది' అన్న మాట వెనక ఇంత వ్యవహారం ఉంది.

హెచ్-4 అనే గది

ఇక్కడ మనమధ్య ఉన్న ఐటి ఉద్యోగినులకు ఈ విషయం నేను చెప్పనవసరం లేదు. అయినా ఒక అమ్మాయిని ఊహించుకుందాం. జెఎన్‌టియు అనుబంధ కాలేజీలో బి.టెక్. చదివింది. గచ్చిబౌలిలో అయిదేళ్ళు ఉద్యోగం చేసింది. తన జీతంతో కూకట్‌పల్లిలో తల్లిదండ్రుల ఫ్లాటుకు వాయిదాలు కట్టింది. పెళ్ళయి హెచ్-4 మీద టెక్సాస్ వెళ్ళింది. అక్కడ ఆమె చదువుకోవచ్చు గాని ఉద్యోగం చేయకూడదు. పని అనుమతి లేదు గనుక సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు. ఆ నంబరు లేకపోతే తన పేరు మీద క్రెడిట్ ఉండదు, ఇల్లు అద్దెకు తీసుకోవడమూ కష్టమే. డ్రైవింగ్ లైసెన్సు గడువు కూడా వీసా గడువుతో ముడిపడి ఉంటుంది. ఇక్కడ నెలనెలా జీతం తెచ్చుకున్న మనిషి అక్కడ కూరగాయలకు కూడా భర్త కార్డు అడగవలసిన స్థితిలో పడుతుంది. భర్త మంచివాడైతే ఇది ఇబ్బందితో సరిపోతుంది. చెడ్డవాడైతే ఇదే ఆయుధమవుతుంది.

2015 మే నెల నుంచి కొందరు హెచ్-4 భార్యలకు పని అనుమతి ఇస్తున్నారు. భర్త గ్రీన్ కార్డు ప్రక్రియలో ఐ-140 అనే దశ దాటి ఉండాలి, లేదా అతను ఆరేళ్ళ గడువు దాటి హెచ్-1బి పొడిగింపులో ఉండాలి. ఈ నిబంధన మీద అమెరికాలో ఏళ్ళ తరబడి కేసు నడిచింది. 2024 ఆగస్టులో అక్కడి అప్పీలు కోర్టు నిబంధన చెల్లుతుందని తీర్పిచ్చింది. ఈ అనుమతి కోసం ఎందరో స్త్రీలు కలిసి పోరాడారు, మనమది గుర్తుంచుకోవాలి. కానీ ఇది కూడా భర్త దరఖాస్తు ముందుకు కదిలితేనే దక్కే అనుమతి. ఒక దేశంలో పుట్టినవారికి మొత్తంలో 7 శాతం మించి ఇవ్వకూడదన్న నియమం వల్ల భారతీయుల ఉద్యోగ గ్రీన్ కార్డుల వరస చాలా పొడుగ్గా ఉంది. ఆ వరసలో ఆమె నిలబడేది తన పేరుతో కాదు, అతని భార్యగా. గ్రీన్ కార్డు రాకముందే విడాకులైతే అన్నేళ్ళ నిరీక్షణలో ఆమె వాటా సున్నా.

హింస ఎదురైనప్పుడు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కొట్టే భర్త అనే మొదటి మాట 'నీ వీసా క్యాన్సిల్ చేయిస్తాను' అని. ఈ బెదిరింపులో ఎంత నిజం, ఎంత అబద్ధం అన్నది ఆమె వీసాను బట్టి ఉంటుంది.

పౌరుణ్ణి పెళ్ళాడిన స్త్రీ సంగతి చూద్దాం. గ్రీన్ కార్డు వచ్చేనాటికి పెళ్ళయి రెండేళ్ళు కాకపోతే ఆమెకిచ్చేది రెండేళ్ళ షరతుల కార్డు. 1986లో దొంగ పెళ్ళిళ్ళను అరికట్టే పేరుతో చేసిన చట్టం ఇది. రెండేళ్ళు పూర్తయ్యే ముందు 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ సంతకం చేసి ఐ-751 ఫారం పెట్టాలి. పెట్టకపోతే ఆమె హోదా పోతుంది. దొంగ పెళ్ళిళ్ళను పట్టుకోవడానికి వేసిన ఈ వలలో నిజమైన పెళ్ళిళ్ళలో దెబ్బలు తింటున్న స్త్రీలు చిక్కుకున్నారు. ఒక్క సంతకం కోసం రెండేళ్ళు నోరు మూసుకుని భరించారు. అక్కడి స్త్రీల సంఘాలు పోరాడిన ఫలితంగా 1990లో చట్టం మారింది. పెళ్ళి నిజాయితీగా జరిగి, భర్త కొట్టాడనో తీవ్రంగా హింసించాడనో చూపగలిగితే అతని సంతకం లేకుండానే ఆమె దరఖాస్తు పెట్టుకోవచ్చు. విడాకులైనా పెళ్ళి నిజమైనదని చూపితే చాలు.

1994లో వచ్చిన స్త్రీలపై హింస నిరోధక చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. దాన్ని క్లుప్తంగా 'వావా' అంటారు. హింసించే భర్త పౌరుడు గాని గ్రీన్ కార్డుదారు గాని అయితే, అతని పిటిషన్‌తో పని లేకుండా భార్య తనే గ్రీన్ కార్డుకు పిటిషన్ పెట్టుకోవచ్చు. ఆ సంగతి అధికారులు భర్తకు చెప్పకూడదు. భర్త ఇచ్చిన సమాచారం ఒక్కదాని మీదే ఆధారపడి ఆమెపై చర్య తీసుకోకూడదు. హింస కారణంగా విడాకులైతే, ఆ తర్వాత రెండేళ్ళ వరకు ఈ హక్కు ఉంటుంది. హింస అమెరికాలో జరిగి ఉంటే, ఆమె ఇప్పుడు హైదరాబాదులో ఉన్నా పిటిషన్ పెట్టుకునే వీలుంది.

మరి హెచ్-4 స్త్రీ? ఆమె భర్త పౌరుడూ కాదు, గ్రీన్ కార్డుదారూ కాదు. కాబట్టి వావా కింద సొంత పిటిషన్ ఆమెకు వర్తించదు. ఈ ఖాళీలో పడినవాళ్ళలో మన తెలుగు అమ్మాయిలు చాలామంది. 2005లో కాంగ్రెసు వీరికి పని అనుమతి ఇవ్వాలని చట్టం చేస్తే, దానికి ఫారం తయారై అమలులోకి రావడానికి 2017 దాకా పట్టింది. పన్నెండేళ్ళు! ఆ అనుమతితో ఉద్యోగం చేసుకోవచ్చు, కానీ స్థిరమైన హోదా రాదు. ఆమెకు మిగిలిన దారి 2000లో వచ్చిన 'యు' వీసా. గృహహింస వంటి నేరానికి గురై, పోలీసులకు సహకరించినట్లు వారి నుంచి ధ్రువపత్రం తెచ్చుకుంటే ఇది అడగవచ్చు. భర్త ఏ వీసా మీద ఉన్నాడన్నదానితో పని లేదు. ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు కాబట్టి ఏళ్ళు పడుతుంది. అందుకే మనం చెప్పవలసిన మాట ఒకటే. కొట్టినప్పుడు 911కు ఫోన్ చేయమనండి. పోలీసు రిపోర్టు నంబరు దాచుకోమనండి. 'పరువు పోతుంది, అతని ఉద్యోగం పోతుంది' అని ఇక్కడి నుంచి తల్లి చెప్పే మాట ఆ ఒక్క ఆధారాన్ని కూడా లేకుండా చేస్తుంది.

ఇంకో విషయం మన కార్యకర్తల్లో చాలామందికి తెలియదు. పిటిషన్ పెట్టి భార్యను గ్రీన్ కార్డు మీద తీసుకువెళ్ళే భర్త ఐ-864 అనే హామీ పత్రం మీద సంతకం చేస్తాడు. పేదరిక రేఖకు 125 శాతం స్థాయిలో ఆమె పోషణకు తాను బాధ్యుణ్ణని ప్రభుత్వానికి రాసిచ్చే పత్రమది. విడాకులతో ఆ బాధ్యత తీరిపోదు. ఆమె పౌరురాలు అయ్యేదాకా, లేదా సుమారు పదేళ్ళ పని లెక్క పూర్తయ్యేదాకా, లేదా ఆ దేశం శాశ్వతంగా విడిచేదాకా అది కొనసాగుతుంది. ఈ పత్రం ఆధారంగా అక్కడి కోర్టులో దావా వేయవచ్చు. కట్నం చదివింపుల కాగితాలు బీరువాలో దాచుకునే మనవాళ్ళు ఈ కాగితం నకలు కూడా దాచుకుంటే ఎంత మేలు!

సముద్రం దాటి వచ్చే విడాకులు

'అమ్మానాన్నల్ని చూసి వద్దాం' అని తీసుకువచ్చి, పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు పట్టుకుని భర్త ఒక్కడే విమానమెక్కడం మనకు తెలిసిన పద్ధతి. కొన్నాళ్ళకు అమెరికా కోర్టు నుంచి విడాకుల నోటీసు వస్తుంది. ఈ విషయంలో మన సుప్రీంకోర్టు ఇచ్చిన ముఖ్యమైన తీర్పు ఒక తెలుగు స్త్రీ పోరాటం వల్లే వచ్చింది. వై. నరసింహారావు వర్సెస్ వై. వెంకటలక్ష్మి కేసు. 1975లో తిరుపతిలో పెళ్ళి. తర్వాత భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో 90 రోజులు నివాసమున్నానని చెప్పి అక్కడ విడాకులు తెచ్చుకున్నాడు. 1981లో యాదగిరిగుట్టలో మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆమె ద్విభార్యత్వం కేసు పెట్టింది. 1991 జులైలో సుప్రీంకోర్టు ఆ విడాకులు ఇక్కడ చెల్లవని చెప్పింది. ఏ వివాహ చట్టం కింద పెళ్ళి జరిగిందో ఆ చట్టం గుర్తించే కోర్టే, ఆ చట్టం ఒప్పుకునే కారణాలతోనే విడాకులివ్వాలి. భార్య స్వచ్ఛందంగా ఆ విదేశీ కోర్టుకు లోబడి, మన చట్టంలో ఉన్న కారణం మీదే వాదించి ఉంటే, లేదా విడాకులకు ఒప్పుకుని ఉంటే మాత్రం మినహాయింపు. అందుకే విదేశీ కోర్టు కాగితం వచ్చినప్పుడు లాయరును అడగకుండా సంతకం పెట్టవద్దనీ, దాన్ని మూలన పడేయవద్దనీ మనం గట్టిగా చెప్పాలి.

1994లో నీరజా శరాఫ్ కేసులో సుప్రీంకోర్టు మూడు సూచనలు చేసింది. ఇక్కడ జరిగిన ప్రవాసుల పెళ్ళిళ్ళను విదేశీ కోర్టులు రద్దు చేయకుండా, భర్త ఆస్తిలో భార్యకు తగిన భరణం దక్కేలా, మన కోర్టుల డిక్రీలు విదేశాల్లో అమలయ్యేలా చట్టం చేయాలని చెప్పింది. 2019 ఫిబ్రవరిలో ప్రవాస భారతీయుల పెళ్ళిళ్ళను 30 రోజుల్లో తప్పనిసరిగా నమోదు చేయించే బిల్లును రాజ్యసభలో పెట్టారు. అది చట్టం కాలేదు. 2024లో లా కమిషన్ తన 287వ నివేదికలో సమగ్ర చట్టం కావాలని మళ్ళీ సిఫారసు చేసింది. సుప్రీంకోర్టు సూచించి ముప్ఫై ఏళ్ళు దాటాయి. ఈ ముప్ఫై ఏళ్ళలో ఎన్ని సాఫ్ట్‌వేర్ పార్కులు వచ్చాయో లెక్క చెప్పగలిగిన ప్రభుత్వాలు ఈ చట్టం సంగతి ఎందుకు చెప్పలేకపోతున్నాయి?

పిల్లలున్న స్త్రీకి సమస్య మరింత చిక్కుపడుతుంది. హింస భరించలేక బిడ్డతో సహా హైదరాబాదు వచ్చేస్తే, అమెరికాలో ఆమె మీద అపహరణ కేసు పడవచ్చు. 1993 నుంచి అది అక్కడ ఫెడరల్ నేరం. పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం చేరలేదు. మన కోర్టులు ఒక్కో కేసులో బిడ్డ సంక్షేమాన్ని బట్టి తీర్పు చెబుతాయి. కాబట్టి వీలైనంత వరకు బయలుదేరే ముందే అక్కడి కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు, బిడ్డ కస్టడీ ఉత్తర్వు తీసుకోమని సలహా చెప్పాలి.

మన దగ్గరికి వచ్చిన వాళ్ళ సంగతి

ఇంతసేపూ వెళ్ళినవాళ్ళ గురించి మాట్లాడాం. ఇదే ఐటి ప్రాంతంలో పనిచేస్తూ భారతీయుణ్ణి గాని భారతీయురాలిని గాని పెళ్ళాడిన విదేశీయుల సంగతేమిటి? అమెరికా చట్టాన్ని విమర్శించే నోటితోనే మన చట్టాన్నీ విమర్శించకపోతే మనకు నిజాయితీ ఉండదు.

ఇక్కడా పెళ్ళితో పౌరసత్వం రాదు. 1986 సవరణలో అయిదేళ్ళ నివాసం అడిగారు, 2003 సవరణ తర్వాత అది ఏడేళ్ళయింది. రెండు పౌరసత్వాలను మన చట్టం ఒప్పుకోదు గనుక భారత పౌరసత్వం కావాలంటే తన దేశాన్ని వదులుకోవాలి. ఈ లోపల 'ఎక్స్' వీసా, దాని పొడిగింపులు, విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్యాలయం చుట్టూ తిరగడం. 2025 సెప్టెంబరు 1 నుంచి 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో కొత్త ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం అమలులోకి వచ్చింది. పెళ్ళి రిజిస్టరై రెండేళ్ళు నిలిస్తే ఓసిఐ కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. దానితో ఇక్కడ ఉండవచ్చు, చాలా ఉద్యోగాలు చేయవచ్చు. అయితే 2015లో చేర్చిన నిబంధన ప్రకారం పెళ్ళిని కోర్టు రద్దు చేస్తే ఆ కార్డు కూడా రద్దు చేయవచ్చు. పదేళ్ళు ఇక్కడ కాపురం చేసి, పిల్లల్ని కని, ఇక్కడే ఉద్యోగం చేస్తున్న విదేశీ స్త్రీకి భర్త 'విడాకులిస్తే నీ కార్డు పోతుంది' అని బెదిరించగలడు. హెచ్-4 భార్యకు టెక్సాస్‌లో ఏ భయమో, ఈమెకు కొండాపూర్‌లో అదే భయం. అమెరికా చట్టంలో హింసకు గురైన భార్యకు కనీసం ఒక తలుపు తెరిచారు. మన చట్టంలో ఆ తలుపు కూడా లేదు.

పాతబస్తీలో పెళ్ళి చేసుకుని వచ్చిన పాకిస్తానీ స్త్రీలున్నారు. వారికి ఓసిఐ కార్డుకు అర్హత లేదు. దీర్ఘకాలిక వీసాల మీద, వాటి పొడిగింపుల మీద బతుకుతారు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత పాకిస్తానీల వీసాలు రద్దు చేసినప్పుడు దీర్ఘకాలిక వీసాలను మినహాయించారు. అయినా పొడిగింపు కాగితం పెండింగులో ఉన్న ఇంట్లో ఆ రోజులు ఎలా గడిచి ఉంటాయో ఊహించవచ్చు. రెండు దేశాలు తగవులాడితే ఇంటి కోడలు జవాబు చెప్పుకోవాలి!

మనం చేయవలసినవి

మొదటిది, పెళ్ళికి ముందు. వరుడి వీసా కాగితం, ఉద్యోగం, గతంలో పెళ్ళయిందా లేదా అన్నది కాగితాల మీద చూడాలి. అడిగితే సంబంధం తప్పిపోతుందని భయపడే తల్లిదండ్రులకు, తప్పిపోతే మంచిదే అని ధైర్యంగా చెప్పాలి. పెళ్ళి రిజిస్ట్రేషన్ 2002 చట్టం ప్రకారం మన దగ్గర తప్పనిసరి. విదేశీయుణ్ణి చేసుకునేవాళ్ళు 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసు గడువును లెక్కలో పెట్టుకోవాలి.

రెండోది, కాగితాలు. పాస్‌పోర్టు, వీసా, ఐ-94, గ్రీన్ కార్డు, పెళ్ళి సర్టిఫికెట్, భర్త ఐ-797, ఐ-864 నకళ్ళు అమ్మాయి ఈమెయిల్‌లో ఒకటి, పుట్టింట్లో ఒకటి ఉండాలి. ఆ ఈమెయిల్ పాస్‌వర్డు భర్తకు తెలియకూడదు. ఇది అపనమ్మకం కాదా అని కొందరంటారు. తన పేరున్న కాగితం తన దగ్గర పెట్టుకోవడం అపనమ్మకమెలా అవుతుంది?

మూడోది, ఇక్కడ వదిలేసిన స్త్రీ వస్తే వెంటనే గడువులు లెక్కపెట్టాలి. గ్రీన్ కార్డుదారు ఏడాదికి మించి బయట ఉంటే ఆ కార్డుతో తిరిగి ప్రవేశం కష్టం. కార్డు లాక్కున్నారంటే, ఏడాదిలోపే ఐ-131ఏ ఫారంతో కాన్సులేట్‌లో ప్రయాణ పత్రం అడగవచ్చు. రాజీ ప్రయత్నాలంటూ పెద్దమనుషులు నెలలు గడిపితే ఆ గడువు దాటిపోతుంది. ఆ ఆలస్యం భర్తకే లాభం.

నాలుగోది, ఇక్కడి చట్టాలు. పుట్టింట్లో ఆశ్రయం తీసుకున్న చోటే కేసు పెట్టవచ్చని 2019లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 498ఏ స్థానంలో 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలోని 85, 86 సెక్షన్లున్నాయి. వారంటు ఉంటే పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 10(3) కింద భర్త పాస్‌పోర్టు స్వాధీనానికి అడగవచ్చు. అతను భారత పాస్‌పోర్టు మీద ఉంటేనే ఇది పనిచేస్తుంది, అమెరికా పౌరుడైతే చేయదు. 'సిటిజన్ వరుడు' అన్నదానికి ఈ అర్థం కూడా ఉందని గుర్తుంచుకోండి. జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుంచి ఎన్నారై సెల్ ఉంది, తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగంలోనూ ఉంది. 1987 చట్టం కింద స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది.

అయిదోది, డిమాండ్లు. ప్రవాసుల వివాహాలపై సమగ్ర చట్టం వెంటనే తేవాలి. హింస వల్ల కాపురం చెడిన విదేశీ భార్యల, భర్తల ఓసిఐ కార్డు రద్దు చేయకూడదని పౌరసత్వ చట్టాన్ని సవరించాలి. కంపెనీలు ఉద్యోగుల్ని విదేశాలకు పంపేటప్పుడు, వెంట వెళ్ళే భార్యకు ఆమె హోదా గురించి, హక్కుల గురించి ఆమె భాషలో రాతపూర్వకంగా చెప్పాలి.

ఈ సదస్సు అయ్యాక మీ మీ సంస్థల్లో ఒక పని చేయమని కోరుతున్నాను. సలహా కోసం వచ్చినవారి వివరాలు రాసుకునే ఫారంలో వయసు, చదువు, పెళ్ళి తేదీల పక్కన మరో మూడు గళ్ళు చేర్చండి: నీ వీసా ఏది, నీ భర్త వీసా ఏది, నీ కాగితాలు ఎవరి దగ్గరున్నాయి. మూడో గడిలో 'నా దగ్గరే' అని రాసే స్త్రీల సంఖ్య పెరిగిన రోజున మన పని కొంత జరిగినట్టు లెక్క.